పాత మురుగునీటి పంపింగ్ స్టేషన్: అదే సంప్‌లో పెద్ద పంపులు పెడితే సరిపోతుందా?

నీటిలెక్క:

అందరికీ నమస్కారం. తాగునీటి విభాగంలో చాలాకాలం చేసి, ఈమధ్యే మురుగునీటి వైపు వచ్చాను. పంపులు నాకు కొత్త కాదు, మురుగు కొత్త. అందుకే అడుగుతున్నాను.

నా పరిధిలో ఒక పాత పంపింగ్ స్టేషన్ ఉంది. పక్కపక్కనే రెండు గుంతలు. ఒకదాంట్లో మురుగు చేరుతుంది, అదే సంప్. రెండోది డ్రైవెల్, అంటే మురుగు రాని పొడి గది, అందులో రెండు పంపులు. ఒకటి నడుస్తుంది, ఇంకోటి స్టాండ్‌బై. సంప్ గుండ్రంగా ఉంటుంది, లోపలి వ్యాసం 3 మీటర్లు. అక్కడి నుంచి 250 ఎంఎం ఇనుప రైజింగ్ మెయిన్ (పంపు తోసిన మురుగు పోయే పైపు) 1.4 కిలోమీటర్లు వెళ్లి ఒక మ్యాన్‌హోల్‌లో పడుతుంది. ఆ తర్వాత గ్రావిటీ లైనే. నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు 9 మీటర్లు. నేమ్‌ప్లేటు మీద ఒక్కో పంపు సెకనుకు 55 లీటర్లు, 17 మీటర్ల హెడ్ (ఎత్తు, పైపు రాపిడి కలిపి పంపు తోయాల్సిన మొత్తం) అని ఉంది.

బాధలు ఇవీ. వాన పడితే రెండు పంపులూ ఆన్ అవుతాయి, అయినా హైలెవల్ అలారం ఆగదు. ఎగువ మ్యాన్‌హోళ్ల మూతల్లోంచి మురుగు రోడ్డు మీదికి వస్తుంది. పంపు ఆగినప్పుడల్లా ఎన్‌ఆర్‌వీ (మురుగు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్) ధడేల్మని మూసుకుంటుంది, గది మొత్తం అదురుతుంది. సంప్ గోడల్లో నీటిమట్టానికి పైభాగమంతా కంకర బయటపడింది. పంపులు తరచూ జామ్ అవుతున్నాయి, విప్పి గుడ్డలు తీయడమే సిబ్బందికి పెద్ద పనైపోయింది.

మా ముందున్న ప్రతిపాదన: డ్రైవెల్ వదిలేసి, సంప్‌లోనే రెండు సబ్‌మెర్సిబుల్ (మునిగి నడిచే) పంపులు దించడం. ఒక్కోటి సెకనుకు 90 లీటర్లది. పైపు అదే, సంప్ అదే. వీఎఫ్‌డీ (మోటారు స్పీడు మార్చే పరికరం) కూడా పెడతారట.

కాగితం మీద చక్కగానే ఉంది, కానీ ఏదో తేడా కొడుతోంది. ఇది సరైన దారేనా? ఇంకోటి, పని జరుగుతున్నన్నాళ్లూ వచ్చే మురుగును ఏం చేయాలి? తాగునీరైతే ఒక పూట సరఫరా ఆపుతామని చెప్పేవాళ్లం. ఇక్కడ ఎవరికి చెప్పి ఆపుతాం?

---

పాత ఫిట్టర్:

తేడా కొట్టడం మంచిదే సార్, ఆ అనుమానాన్ని వదలకండి. ముందు నేనొకటి అడుగుతాను. ఆ పంపు ఇప్పుడు నిజంగా ఎన్ని లీటర్లు తోస్తోంది? నేమ్‌ప్లేటు సంగతి కాదు, ఇవాళ్టి సంగతి. ఈ ప్రశ్నకు జవాబు లేకుండా కొత్త పంపు సైజు ఎవరు చెప్పినా నేను నమ్మను.

ఫ్లోమీటర్ లేదని ఊరుకోకండి. సంప్ గుండ్రంగా ఉంది, వ్యాసం తెలుసు, వైశాల్యం 7.07 చదరపు మీటర్లు. అంటే 30 సెంటీమీటర్ల ఎత్తులో 2.12 ఘనపు మీటర్ల నీళ్లు. టేపుకి బరువు కట్టి దించండి, ఒక స్టాప్‌వాచ్ పట్టుకోండి. పంపు ఆపి, మట్టం 30 సెంటీమీటర్లు పెరగడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. అది వచ్చే ప్రవాహం. వెంటనే పంపు వేసి, అదే 30 సెంటీమీటర్లు దిగడానికి ఎంత పట్టిందో చూడండి. దిగిన వేగానికి వచ్చే వేగం కలిపితే పంపు తోసేది తెలుస్తుంది. చాలామంది ఆ కలపడం మర్చిపోయి పంపు సగమే పనిచేస్తోందని గగ్గోలు పెడతారు. పెరిగేటప్పుడూ దిగేటప్పుడూ వచ్చే ప్రవాహం ఒకేలా ఉండాలి కాబట్టి ఉదయం రద్దీలో చేయొద్దు. మధ్యాహ్నమో బాగా పొద్దుపోయాకో, వాన లేని రోజు చూసి నాలుగైదుసార్లు చేయండి. ఇన్‌లెట్ పైపు అడుగు మట్టం కిందే చేయాలి, మట్టం అంతకన్నా పైకి పోతే పైపులో నిలిచే నీళ్లు లెక్కను పాడుచేస్తాయి.

అదే సమయంలో సక్షన్ వైపొక గేజీ, డెలివరీ వైపొక గేజీ పెట్టి తేడా రాసుకోండి. రెండు గేజీల ఎత్తుల్లో తేడా ఉంటే అదీ కలపాలి.

ఇప్పుడు ఆ 90 లీటర్ల సంగతి. 250 పైపులో 55 లీటర్లు పోతే వేగం సెకనుకు 1.1 మీటర్లు. బావుంది. 90 పోతే 1.8. వేగం వరకు పైపు తట్టుకుంటుంది. కానీ రాపిడి చూడండి. మీ 1.4 కిలోమీటర్లకు, సీ విలువ (పైపు లోపలి నునుపు చెప్పే అంకె) 120 వేసుకుని లెక్కిస్తే 55 దగ్గర రాపిడి నష్టం 8 మీటర్ల చిల్లర. 90 దగ్గర అది 21కి దగ్గరవుతుంది. దానికి 9 మీటర్ల ఎత్తు కలిపితే మొత్తం హెడ్ 17 నుంచి 30కి పోయింది. ప్రవాహం ఒకటిన్నర రెట్లు దాటిందో లేదో, నీటికి ఇవ్వాల్సిన పవరు దాదాపు మూడు రెట్లయింది. మోటారు, కేబులు, ప్యానెల్, జనరేటర్, అన్నీ ఆ లెక్కన పెరగాలి. ప్రతిపాదనలో జనరేటర్ మాట ఉందా?

ఇంకో చిక్కు సంప్‌ది. పంపు ఆన్ మట్టానికీ ఆఫ్ మట్టానికీ మధ్య ఎంత నీళ్లు పట్టాలో చెప్పే పాత సూత్రం ఒకటుంది. పంపు ప్రవాహాన్ని, ఒక స్టార్టు నుంచి ఇంకో స్టార్టు దాకా ఉండాల్సిన కనీస సమయంతో గుణించి, 4తో భాగించాలి. వచ్చే నీళ్లు పంపు సామర్థ్యంలో సరిగ్గా సగం ఉన్నప్పుడే స్టార్టులు ఎక్కువ పడతాయి, ఆ నాలుగు అక్కడి నుంచి వచ్చిందే. గంటకు 6 స్టార్టులు అనుకుంటే 55 లీటర్ల పంపుకి 8.25 ఘనపు మీటర్లు కావాలి. మీ సంప్‌లో అది 1.17 మీటర్ల ఎత్తు. 90 లీటర్లకు 13.5 ఘనపు మీటర్లు, అంటే 1.9 మీటర్లు. ఇన్‌లెట్ పైపు కింద, పంపు మునిగి ఉండాల్సిన మట్టం పైన, మీకు అంత జాగా ఉందా? రెండు పంపులూ వంతులవారీగా నడిస్తే ఒక్కో మోటారుకి స్టార్టులు సగమవుతాయి, కొంత ఊరట. కానీ ఒకటి రిపేరుకి వెళ్లిన రోజున మిగిలినదాని మీదే మొత్తం భారం. మోటారు కాలేది ఆ రోజే.

అసలు వాన పడితేనే కదా మీ బాధ. అయితే పంపుల అవర్ మీటర్ రీడింగులు, వాన పడ్డ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. వాన మొదలైన గంట, రెండు గంటల్లో పంపు గంటలు ఎగబాకి, వాన ఆగగానే దిగిపోతే ఎవరో వాననీటి కాలువనో, డాబా మీది నీళ్లనో మురుగు లైన్లో కలిపారన్నమాట. మెల్లగా పెరిగి రోజుల తరబడి దిగకపోతే భూగర్భజలం పగిలిన జాయింట్లలోంచి ఊరుతోంది. మొదటిది లైన్లోకి పొగ వదిలి, ఎక్కడ బయటికొస్తుందో చూసి పట్టుకోవచ్చు, రెండోదానికి కెమెరా దించాలి. రెండింటికీ పెద్ద పంపు మందు కాదు. వాననీళ్లను శుద్ధి కేంద్రం దాకా మోసుకెళ్లడానికి కరెంటు కాల్చడమే అది.

---

నైట్ షిఫ్ట్:

ఫిట్టర్ అన్న లెక్కలు చెప్పాడు, నేను బైపాస్ గురించి చెప్తాను. ఈ పనుల్లో పంపు బిగించడం తేలిక, మురుగును ఆపకుండా బిగించడమే కష్టం.

పద్ధతి ఇదీ. సంప్‌కి ముందున్న మ్యాన్‌హోల్‌లో గాలితో ఉబ్బే ప్లగ్ పెట్టి లైను మూస్తారు. అదే మ్యాన్‌హోల్‌లోంచి తాత్కాలిక పంపులు మురుగు తోడి, స్టేషన్ బయట రైజింగ్ మెయిన్‌కి వేసిన టీలోకి (మూడు దారుల పైపు ముక్క) తోస్తాయి. ఆ టీ వేయడానికి మెయిన్‌ని కాసేపు ఆపక తప్పదు, అందుకే ఆ పని అర్ధరాత్రి దాటాక, రాక తక్కువగా ఉన్నప్పుడు చేస్తారు. స్టేషన్‌లోంచి వచ్చే పైపుకీ టీకీ మధ్య ఒక వాల్వ్ ఉండాలి. లేకపోతే బైపాస్ పంపు తోసింది వెనక్కి తిరిగి మీరు విప్పిన పైపులోంచే బయటికి వస్తుంది.

బైపాస్ పంపులు ఎన్ని అని అడిగితే ఒకటి అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రద్దీ ప్రవాహాన్ని ఒక్కటే మోయగలిగేది ఒకటి, దాని పక్కనే అంతటిదే ఇంకోటి, పైపులతో సహా కలిపి, స్టార్టు చేస్తే చాలన్నట్టు సిద్ధంగా ఉండాలి. గోడౌన్‌లో ఉందని చెప్పే పంపు స్టాండ్‌బై కాదు. పాత పంపులు విప్పకముందే బైపాస్‌ని ఒక పూర్తి రోజు నడిపి చూడాలి, ఉదయం రద్దీ, సాయంత్రం రద్దీ రెండూ దాటాలి. మనిషి 24 గంటలూ అక్కడే ఉండాలి. అలారం మెసేజ్ వస్తుందిలే అని నిద్రపోతే కుదరదు, డీజిల్ అయిపోయినా, సక్షన్ పైపు జాలీకి గుడ్డ చుట్టుకున్నా పది నిమిషాల్లో మ్యాన్‌హోల్ నిండిపోతుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, ఎవరు ఎంత తొందర పెట్టినా.

ప్లగ్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్లగ్ వెనక నీళ్లు నిలబడి ఉండగా దాని దిగువన మనిషి ఉండకూడదు. నమ్మకమైన ప్లగ్ అయినా సరే. మనిషి దిగి పనిచేయాల్సి వస్తే రెండో అడ్డు ఉండాలి, ప్లగ్‌కి తాడు కట్టి పైన గట్టిగా బిగించాలి, గాలి ప్రెషర్ గేజీ పైన మనిషి కళ్లముందు ఉండాలి.

సంప్‌లోకి దిగడం అంటే ఇంకా పెద్ద విషయం. వాసన రావడం లేదు కదా అని దిగినవాళ్లే పోయారు. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన వేస్తుందని అందరికీ తెలుసు, కానీ 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాల్లో 100) దగ్గరకొచ్చేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. ప్రాణాపాయం ఉన్న స్థాయీ సరిగ్గా అదే. మీటర్ తాడుకి కట్టి పైన, మధ్యలో, అడుగున చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, మండే వాయువు రీడింగు కనిష్ఠ పేలుడు పరిమితిలో 10 శాతం దాటకూడదు, సల్ఫైడ్ 10 పీపీఎం దగ్గర అలారం పెట్టుకోవాలి. అడుగున బురద కదిలిస్తే గ్యాస్ ఒక్కసారిగా లేస్తుంది, కాబట్టి దిగే ముందు చూసి మీటర్ పక్కన పెట్టడం కాదు, పని అయ్యేదాకా మనిషి ఒంటి మీదే ఉండాలి. బ్లోయర్ ఆగకూడదు. పైన ట్రైపాడ్, వించ్, కిందివాడి నడుముకి కాదు, భుజాలకి వేసిన హార్నెస్. కింద మనిషి పడిపోతే పైవాడు దూకకూడదు, వించ్‌తో లాగాలి. ఒకరి వెనక ఒకరు దిగి ముగ్గురు నలుగురు పోవడం ఇలాగే జరుగుతుంది.

కొత్త డిజైన్‌లో మనిషి సంప్‌లోకి దిగే అవసరమే రాకుండా చూడమని నా కోరిక. ఎన్‌ఆర్‌వీలు, వాల్వులు సంప్ లోపల పెట్టకండి, బయట వేరే చాంబర్‌లో పెట్టించండి. బైపాస్ కోసం వేసిన టీని పని అయ్యాక మూసేయకుండా వాల్వ్ పెట్టి వదిలేయండి. రేపు మళ్లీ ఏదైనా అయితే గొట్టం తగిలించి నడిపేయొచ్చు.

---

ప్యానెల్ బోర్డు:

కరెంటు వైపు నుంచి మూడు విషయాలు.

వీఎఫ్‌డీ పెడితే కరెంటు ఆదా అని అందరూ అంటారు. స్పీడు తగ్గితే పవరు ఘనంలో తగ్గుతుందన్న సూత్రం నిజమే, కానీ అది మొత్తం హెడ్ రాపిడిదే అయినప్పుడు. మీకు 17 మీటర్లలో 9 మీటర్లు ఎత్తే. ఎత్తు స్పీడుతో తగ్గదు. ఉదాహరణకి మీ పంపు షటాఫ్ హెడ్ (ముందుకి నీళ్లు పోనప్పుడు ఇచ్చే హెడ్) 26 మీటర్లు అనుకుందాం. 60 శాతం స్పీడుకి దించితే అది 0.36 వంతు, అంటే 9.4 మీటర్లవుతుంది. 9 మీటర్ల ఎత్తుకే దాదాపు సరిపోతుంది. పంపు తిరుగుతూనే ఉంటుంది, ముందుకి పోయేది నామమాత్రం, ఇంకాస్త స్పీడు తగ్గితే చుక్క కూడా పోదు, నీళ్లు కేసింగ్‌లోనే వేడెక్కుతుంటాయి. పైపులో వేగం కూడా సెకనుకు 0.6 మీటర్ల కన్నా తగ్గితే ఇసుక, మలినాలు అడుగున పేరుకుంటాయి. 250 పైపుకి అది సుమారు 30 లీటర్లు. కాబట్టి కనీస స్పీడు ఎంతో పంపు కర్వ్ (ఏ హెడ్‌కి ఎంత ప్రవాహమో చూపే గీత) చూసి లాక్ చేయించండి. నెమ్మదిగా తిరిగే పంపుకి గుడ్డలు కూడా తొందరగా చుట్టుకుంటాయి. స్టార్టులు తగ్గించడానికీ, శుద్ధి కేంద్రానికి నీళ్లు ఒకేలా పంపడానికీ వీఎఫ్‌డీ పనికొస్తుంది. ఆదా కోసమే అయితే మీ స్టేషన్‌లో నాకైతే సాఫ్ట్ స్టార్టర్ (మోటారుని మెల్లగా స్టార్టు చేసి ఆపేది) చాలనిపిస్తోంది.

ఎన్‌ఆర్‌వీ దెబ్బ గురించి. సాఫ్ట్ స్టాప్ పెడితే మామూలుగా ఆపేటప్పుడు తగ్గుతుంది. కరెంటు పోతే మాత్రం సాఫ్ట్ స్టార్టర్ కూడా చచ్చిపోతుంది కదా, అసలు దెబ్బ అప్పుడే. ఇనుప పైపులో సెకనుకు 1 మీటరు వేగంతో పోయే నీళ్లు ఒక్కసారిగా ఆగితే పుట్టే ఒత్తిడి 100 మీటర్ల హెడ్‌కి దగ్గరగా ఉంటుంది. 1.8 మీటర్లకి ఎంతో మీరే లెక్కేసుకోండి. 90 లీటర్లకి వెళ్లే ముందు కరెంటు పోయినప్పటి పరిస్థితికి వాటర్‌హామర్ లెక్క చేయించమని పట్టుబట్టండి.

మూడోది చిన్నదే, కానీ ఇది లేక ఎన్ని స్టేషన్లు మునిగాయో. లెవల్ ట్రాన్స్‌మిటర్, పీఎల్‌సీ (పంపుల్ని నడిపే కంట్రోలర్) ఎంత మంచివైనా పెట్టుకోండి. వాటితో సంబంధం లేకుండా, ఒక హైలెవల్ ఫ్లోట్ స్విచ్ నేరుగా రిలే ద్వారా పంపుని స్టార్టు చేసేలా వైరింగ్ చేయించండి. అల్ట్రాసోనిక్ సెన్సర్ కింద నురుగు పేరుకుంటే అది తప్పుడు మట్టం చూపిస్తుంది, పీఎల్‌సీ దాన్నే నమ్ముతుంది. ప్యానెల్ కూడా వరద మట్టానికి పైన ఉండాలి. సంప్ లోపల ఉండే ప్రతి ఎలక్ట్రికల్ వస్తువూ పేలుడు వాయువుల ప్రదేశానికి తగ్గదై ఉండాలి, ఫ్లోటుతో సహా.

---

నీటిలెక్క:

అందరికీ చాలా థ్యాంక్స్. ఫిట్టర్ గారూ, మీరు చెప్పినట్టే చేశాం. నాలుగైదుసార్లు చూస్తే సగటున ఇలా వచ్చింది: పంపు ఆపినప్పుడు 30 సెంటీమీటర్లు పెరగడానికి 2 నిమిషాలు. పంపు వేశాక అదే దిగడానికి 105 సెకన్లు. అంటే వచ్చేది 17.7, దిగేది 20.2, మొత్తం 38 లీటర్ల దాకా. 55 ఎక్కడ, 38 ఎక్కడ. గేజీల తేడా 19 మీటర్లు చూపించింది. రెండో పంపు కూడా ఇంచుమించు ఇంతే. రెండూ అరిగిపోయాయని తీర్మానించేయొచ్చా?

అవర్ మీటర్ పుస్తకం కూడా తిరగేశాను. వాన పడ్డ రోజు ఉవ్వెత్తున లేచి మర్నాటికి మామూలైపోతోంది.

---

పాత ఫిట్టర్:

ఆగండి, ఆగండి. పంపు మీద నేరం మోపకండి.

పంపు అరిగితే ప్రవాహంతో పాటు హెడ్ కూడా తగ్గుతుంది. మీ లైన్లో 38 లీటర్లే పోతుంటే రాపిడి సుమారు 4 మీటర్లే ఉండాలి, 9 కలిపితే 13. గేజీలు 19 చూపిస్తున్నాయంటే దారిలో ఎక్కడో 6 మీటర్లు మింగేస్తోంది. పంపు పాపం గట్టిగానే తోస్తోంది, ముందు దారి లేదు. రెండు పంపులకీ ఒకే అంకె రావడం కూడా అదే చెప్తోంది. రెండూ ఒకేలా అరగడం అరుదు, పైపు మాత్రం రెండింటికీ ఒక్కటే.

ఏం చూడాలంటే, మొదట వాల్వులు. చక్రం పూర్తిగా తిప్పేసి ఉన్నా లోపల గేటు విరిగి వేలాడుతూ ఉండొచ్చు. తర్వాత లైను నక్షా తీసి గుట్టలా లేచిన చోట్లు చూడండి. అక్కడ చిక్కిన గాలిని బయటికి వదిలే ఎయిర్ వాల్వ్ ఉండాలి. మురుగు లైన్లో ఎయిర్ వాల్వ్‌ని పట్టించుకునే నాథుడు ఉండడు. ఫ్లోటుకి గ్రీజు పట్టి బిగుసుకుపోతుంది, ఆ ఎత్తులో గాలి చిక్కుకుపోతుంది, నీళ్లు ఆ గాలి కింద సందులోంచి పోతాయి. సగం పైపు ఉన్నట్టే. ఆ లైను మీద ఎన్ని ఎయిర్ వాల్వులు ఉన్నాయో మీ రికార్డుల్లో ఉందా? ఉంటే వాటిలో ఎన్ని నేల మీద కనిపిస్తున్నాయో నడిచి చూడండి.

90 లీటర్ల పంపు ఈ లైను మీద పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. కర్వ్‌లో ఎడమ మూలకి నెట్టుకుపోయి వణుకుతూ నడిచేది. బేరింగులు, సీళ్లు ఏడాది తిరగకుండా పోయేవి. అప్పుడు పంపు కంపెనీవాళ్లకీ మీకూ ఉత్తరాల యుద్ధం.

అవర్ మీటర్ సంగతి తేలిపోయిందిగా. వాననీళ్ల కనెక్షన్లు. పొగ పరీక్ష పెట్టించండి.

---

నీటిలెక్క:

నక్షాలో రెండు ఎయిర్ వాల్వులు ఉన్నాయి. ఒకటి దొరికింది, పనిచేస్తోంది. రెండోది లైను మొత్తంలో ఎత్తైన చోట ఉండాలి, రోడ్డు మీద ఏమీ లేదు. మెటల్ డిటెక్టర్‌తో వెతికితే తారు పొర కింద మూత దొరికింది. రోడ్డు వేసినప్పుడు కప్పేశారు. తవ్వి తెరిస్తే చాంబర్ నిండా బురద, వాల్వ్ ఫ్లోటు గ్రీజు ముద్దలో ఇరుక్కుని కదలడం లేదు. కింది ఐసొలేషన్ వాల్వ్ మూసి, ఎయిర్ వాల్వ్ విప్పి, ఐసొలేషన్ వాల్వ్‌ని కొద్దిగా తెరిచాం. గాలి బుస్సుమని చాలాసేపు వచ్చింది, తర్వాత తుంపర్లు, తర్వాత నీళ్లు. వాసన సంగతి చెప్పక్కర్లేదు, మీటర్ అరుస్తూనే ఉంది, అందరం గాలి వచ్చే వైపు నిలబడ్డాం. మురుగు కోసం చేసిన కొత్త వాల్వ్ పెట్టాం.

మళ్లీ కొలిస్తే వచ్చే ప్రవాహం అంతే ఉంది, 30 సెంటీమీటర్లు దిగడానికి మాత్రం 68 సెకన్లు. మొత్తం 49 లీటర్లు. గేజీల తేడా 16 మీటర్లు. ఒక్క పైసా కొత్త పంపు కొనకుండా 11 లీటర్లు!

ఇప్పుడు ప్రతిపాదన మార్చి రాయాలి. 49 నుంచి 55 మధ్య తేడా వేర్ రింగులదే (పంపు లోపల అరిగే రింగులు) అనుకుంటున్నాను. పొగ పరీక్షకి కూడా రాశాను. ఇక స్టేషన్ మాటేమిటి? గోడలు, వాల్వులు, నిచ్చెన ఎలాగూ మార్చాలి. పంపులు కూడా పాతవే. సంప్‌లో దించే సబ్‌మెర్సిబుల్ మేలా, డ్రైవెల్ అలాగే ఉంచడం మేలా?

---

పాత ఫిట్టర్:

అంకెలు సరిపోయాయి. 49 దగ్గర ఈ లైనుకి కావాల్సింది ఇంచుమించు 16 మీటర్లే, అంటే పైపు ఇప్పుడు శుభ్రంగా ఉంది.

డ్రైవెల్ ఉంటే నేనైతే పోనివ్వను. సబ్‌మెర్సిబుల్ పెట్టడం తేలిక, జాగా తక్కువ, నిజమే. గైడ్ రాడ్ల మీద పైకి లాగేయొచ్చంటారు. లాగినప్పుడు చూడాలి ఆ పంపుని. వైప్స్, జుట్టు, ప్లాస్టిక్ తాళ్లు ఇంపెల్లర్ (పంపులో తిరిగే చక్రం) కన్నులోంచి జడలా పేనుకుని మూరెడు పొడుగు వేలాడుతుంటాయి. దాన్ని కోసి తీయడానికి పైన నీళ్లు, డ్రైనేజీ ఉన్న ప్లాట్‌ఫాం కావాలి. అవి ఎవరూ డిజైన్‌లో పెట్టరు, రోడ్డు మీదే పడేసి కడుగుతారు. డ్రైవెల్‌లో అయితే చేతిరంధ్రం మూత విప్పి, పొడి నేల మీద నిలబడి తీసేయొచ్చు. బేరింగు శబ్దం చెవికి వినిపిస్తుంది, సీల్ కారితే కంటికి కనిపిస్తుంది. డ్రైవెల్‌లో కూర్చునేలా చేసిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు దొరుకుతాయి. పైపు పగిలి గది మునిగినా మోటారు బతుకుతుంది. మీలాంటి చోటికి అవే నయం. డ్రైవెల్ కదా అని గ్యాస్ మీటర్ లేకుండా మాత్రం దిగనివ్వకండి.

రెండు పెద్దవాటి బదులు మూడు చిన్నవి అడగండి. ఇప్పుడు మీకు వానకి రెండూ నడుస్తున్నాయి, అంటే వాన రోజు స్టాండ్‌బై లేనట్టే. పైగా ఒకే పైపు మీద రెండు 55లు కలిపితే 110 రావు, కర్వ్‌ని బట్టి 70 దగ్గర ఆగిపోతాయి. స్టేషన్ సామర్థ్యం అంటే పెద్ద పంపు ఒకటి పక్కన పెట్టాక మిగిలేదే. టెండర్‌లో ఆ ముక్క రాయించండి. వర్షపు కనెక్షన్లు తీసేశాక ఎంత వస్తుందో ఒక వానాకాలం కొలిచి, అప్పుడు సైజు ఖాయం చేయండి. ఘనపదార్థం దాటే సందు 75 ఎంఎంకి తక్కువ ఉన్న ఇంపెల్లర్ తీసుకోకండి.

సంప్ గోడల సంగతి. మురుగులోని సల్ఫైడ్ గ్యాస్‌గా పైకి లేచి, తడి గోడ మీద బ్యాక్టీరియా చేతిలో సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. అందుకే నీటి కింద గోడ బావుంటుంది, పైనే తినేస్తుంది. దాని మీద మామూలు సిమెంటు పూస్తే మళ్లీ అదే కథ. సుత్తితో కొడితే గట్టి శబ్దం వచ్చేదాకా మెత్తబడిన భాగం తీసేసి, హైప్రెషర్ నీటితో కడిగి, కాల్షియం అల్యూమినేట్ మోర్టార్‌తో నింపి, ఆపైన ఎపాక్సీ వేయించండి. సంప్ ఖాళీగా ఉండాలి కాబట్టి నైట్ షిఫ్ట్ చెప్పిన బైపాస్ ఉన్న రోజుల్లోనే ఇదీ అయిపోవాలి, రెండుసార్లు బైపాస్ పెట్టుకోకండి. అడుగున మూలలకి ఏటవాలు పోయించండి, చదునుగా వదిలితే బురద అక్కడే తిష్ఠ వేస్తుంది.

రైజింగ్ మెయిన్ చివర పడే మ్యాన్‌హోల్ మూత తెరిచి చూశారా? పైపులో గాలి లేకుండా గంటల తరబడి ఉన్న మురుగు గ్యాస్ మొత్తం వదిలేది అక్కడే. మీ సంప్ కన్నా దాని పరిస్థితే ఘోరంగా ఉంటుందని నా అనుమానం. ప్రతిపాదన మార్చి రాస్తున్నారు కదా, అదీ అందులోకి ఎక్కించండి.

---

నైట్ షిఫ్ట్:

లిఫ్టింగ్ బీమ్ కూడా చూడండి సార్. పాత పంపు బరువుకి వేసిన హుక్ కొత్తదానికి సరిపోతుందో లేదో, శ్లాబ్‌లో ఓపెనింగ్ పంపు పట్టేంత ఉందో లేదో. పంపు వచ్చాక రంధ్రం చిన్నదని తెలిసి శ్లాబ్ కోసిన స్టేషన్‌లో పనిచేశాను నేను. బైపాస్ పంపులు అద్దెకి నడుస్తూనే ఉన్నాయి, మేం కోస్తూనే ఉన్నాం.

---

నీటిలెక్క:

ఓపెనింగ్ కొలతలు రేపు తీయిస్తాను. చివరి మ్యాన్‌హోల్ ఇవాళే తెరిపించాను. ఫిట్టర్ గారి అనుమానం నిజమే, మెడ భాగంలో ఇనుప చువ్వలు కనిపిస్తున్నాయి, మూత కూర్చునే ఫ్రేమ్ ఒక పక్క దిగిపోయింది. చుట్టూ బారికేడ్లు పెట్టించి, ఆ పక్క లేన్ మూయమని రాశాను. దీన్ని స్టేషన్ టెండర్ దాకా ఆపడం కుదరదు, విడిగా అత్యవసర పని కింద పెడుతున్నాను.